ప్రార్థన మధ్యలో దాటిన అడవిదున్న

పాప పుట్టిన ఈ మూడేళ్లలో నేను తీసిన ఫొటోలన్నీ పాపవే. మొదటి పన్ను, మొదటి చెప్పుల జత, మొదటిసారి మెట్టు దిగడం. జ్వరం వచ్చినప్పుడు చంకలో థర్మామీటరు పెట్టి తీసిన ఫొటో కూడా ఒకటుంది. అది డాక్టరుగారికి చూపించడానికని తీశాను. ఆయన చూడలేదు.

కాలేజీలో మాకు బోటనీ చెప్పి, కెమెరా క్లబ్బు కూడా నడిపిన మేడమ్ నవంబరులో ఓ రోజు ఫోన్ చేశారు.

"జనవరిలో పాత విద్యార్థినుల ఫొటోలతో ప్రదర్శన పెడుతున్నాం. నువ్వొకటి పంపాలి."

"తప్పకుండా పంపుతానండీ."

"ముందు షరతు విను. పిల్లల ఫొటోలు వద్దు. మొగుళ్లవీ, అత్తమామలవీ కూడా వద్దు. కిందటిసారి చెప్పలేదని హాలంతా పుట్టినరోజు ఫంక్షన్లా చేసి పెట్టారు మీరంతా. ఇంట్లో మనుషులెవరూ కనిపించని ఫొటో, ఈ మధ్య తీసినది, ఒక్కటంటే ఒక్కటి పంపు చాలు."

ఒక్కటే కదా అనుకున్నాను. ఆ సాయంత్రం కూర్చుని ఫోనూ, కెమెరా కార్డులూ అన్నీ వెతికాను. పాప లేని ఫొటో చివరికి ఒకటి దొరికింది. భవానీపురంలో మా ఇంటికి దగ్గరలోనే కృష్ణ ఒడ్డున తీసిన సూర్యాస్తమయం. బాగానే ఉందనుకుని పెద్దది చేసి చూస్తే కింద మూల పాప చెప్పు ఉంది.

ఫొటో పంపకపోతే కొంప మునిగేదేమీ లేదు. మేడమ్ రెండు మాటలని ఊరుకుంటారు. కానీ ఆ చెప్పును చూశాక నాకు గుబులు పట్టుకుంది. కాలేజీలో ఉన్నప్పుడు గోడ మీద నాచు కనబడినా ఆగిపోయి అరగంట చూసేదాన్ని. మొదటి జీతంతో చీర కొనుక్కోకుండా కెమెరా కొనుక్కున్నాను. ఇప్పుడు నా కళ్లు పాప పడుతుందేమో, దగ్గుతుందేమో, నోట్లో ఏం పెట్టుకుందో అన్నది తప్ప ఇంకేదీ చూడడం లేదు. ఇంకేదైనా చూడడం అసలు వచ్చా, మర్చిపోయానా? ఆ సంగతి తేల్చుకోవాలనిపించింది. అందుకు ఆ ఒక్క ఫొటో కావాలి.

మా ఆయన కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్లో షిఫ్టు ఉద్యోగం చేస్తారు. ఎక్కడ కూర్చోబెట్టినా నిద్రపోగలరు. దేనికీ కంగారు పడరు. "పాపికొండల నేషనల్ పార్కుకు పోదాం. డిసెంబరులో జంతువులుంటాయి, జలపాతాలుంటాయి, మన చుట్టాలెవరూ ఉండరు. ఏదో ఒకటి పడుతుందిలే," అన్నారు.

"పాపకు చలి," అన్నాను.

"స్వెట్టరుంది కదా."

"పాపను ఎవరు పట్టుకుంటారు, నేను ఫొటోలు తీస్తుంటే?"

"నేను పట్టుకుంటానమ్మా," అన్నారు అత్తయ్య వంటింట్లోంచి. "నాకూ అడవి చూసినట్టుంటుంది."

అత్తయ్య గురించి ఇక్కడే చెప్పాలి. ఆవిడ ముప్ఫై ఏళ్లు టీచరుగా చేసి రిటైరయ్యారు. మా చర్చి సంఘంలో స్త్రీల సమాజానికి పెద్ద. ఆవిడ ప్రార్థన మొదలుపెడితే పొయ్యి మీద బియ్యం అన్నమయ్యేదాకా సాగుతుందని పేరు. బండి ఏదైనా కదిలే ముందు ప్రార్థన చేయాల్సిందే. కారైనా, ఆటో అయినా, రైలు అయినా అంతే. కళ్లు మూసుకుని, తల మీద కొంగు కప్పుకుని, గొంతు దించి చేస్తారు. మిగతావాళ్లం కూడా కళ్లు మూసుకోవాలి. సండే స్కూలు పిల్లలెవరైనా కళ్లు తెరిస్తే ఆవిడకు అస్సలు నచ్చదు. "దేవుడితో మాట్లాడేటప్పుడు దిక్కులు చూస్తారా?" అంటారు.

పాప పుట్టాక నేను ప్రార్థనలో కళ్లు మూసుకోలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆసుపత్రి నుంచి తెచ్చిన వారం, ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టినప్పుడు మొదలైంది. అందరూ కళ్లు మూసుకున్నారు, పాప ఎక్కిళ్లు పెట్టింది. అప్పుడు తెరిచిన కన్ను మళ్లీ మూయలేదు. తల వంచుతాను, చేతులు జోడిస్తాను, ఒక కన్ను మాత్రం పాప మీదే ఉంటుంది. గుళ్లో అయినా ఇంట్లో అయినా అంతే. తప్పేనని తెలుసు. అయినా మానలేకపోయాను.

డిసెంబరు మొదటి వారంలో బయలుదేరాం. నా సంచిలో జ్వరం మందు, జలుబు మందు, రెండు థర్మామీటర్లు, దోమల క్రీము, వేడినీళ్ల ఫ్లాస్కు, మూడు మంకీ క్యాపులు ఉన్నాయి. అత్తయ్య క్రిస్మస్‌కు ముందుగా చేసిన గులాబీ పువ్వులు స్టీలు డబ్బా నిండా తెచ్చారు. కెమెరా కోసం చోటు లేక నా మెడలోనే వేసుకున్నాను. కారు కదిలే ముందు ప్రార్థన అయింది. హనుమాన్ జంక్షన్లో ఇడ్లీలు తిని మళ్లీ ఎక్కాక ఇంకోసారి అయింది. రాజమండ్రి దాటాక టీ తాగినప్పుడు మరోసారి.

"అమ్మా, ఇలా ఆగినప్పుడల్లా చేస్తే చీకటి పడుతుందే," అన్నారు మా ఆయన.

"నువ్వు పుట్టినప్పటి నుంచీ చేస్తున్నాను. ఏ రోజైనా చీకటి పడకుండా ఆగిందేంట్రా?"

మధ్యాహ్నానికి అడవి అంచున ఉన్న చిన్న ఊరు చేరాం. తీసుకున్న గదుల్లో సామాను పడేసి, జలపాతానికి వెళ్లాం. దారి నుంచి కాస్త లోపలికి నడవాలి. వెదురు పొదల మధ్య తేమ వాసన. నీళ్ల చప్పుడు ముందు వినిపించింది, తర్వాత కనిపించింది. పెద్ద జలపాతం కాదు. నల్లటి బండ మీద నుంచి మూడు పాయలుగా దిగి, కింద చిన్న మడుగులో పడుతోంది. ఎండ ఏటవాలుగా పడి మధ్య పాయ వెలుగుతోంది.

నీళ్లు పాలనురుగులా రావాలంటే కెమెరా కదలకుండా, షట్టరు నెమ్మదిగా పడేలా పెట్టాలి. స్టాండు నిలబెట్టి, అత్తయ్యకు పాపను అప్పగించి మొదలుపెట్టాను. గంటసేపు తీశాను. నాకే ముచ్చటేసింది. పాత రోజుల్లోలా ఒళ్లు మరిచిపోయాననుకున్నాను.

గదికి వచ్చి చూస్తే సగం ఫొటోల్లో ఎర్ర స్వెట్టరు ఉంది.

"అత్తయ్యా, పాప ముందుకు వచ్చేసిందా?"

"రాలేదమ్మా. నా ఒళ్లోనే కూర్చుని గులాబీ పువ్వులు తింది. మేము పక్కన బండ మీదే ఉన్నాం, కదల్లేదు."

నిజమే. పాప ఫ్రేములోకి రాలేదు. నేనే కెమెరాను కొంచెం కొంచెంగా అటు తిప్పుతూ పోయాను. మొదటి ఫొటోలో జలపాతం మధ్యలో ఉంది. పదో ఫొటోకి అంచుకు జరిగింది. ఇరవయ్యో ఫొటోలో పాప నోటి నిండా తిండి, వెనకెక్కడో తెల్లగా నీళ్లు. పాప లేని మిగతా సగం అదిరిపోయి ఉన్నాయి. పాప దగ్గితే పక్కకు తిరుగుతూ స్టాండుకు మోచెయ్యి తగిలించానేమో.

మా ఆయన ఆ ఫొటోలన్నీ వరసగా చూసి, "ఇవి వేగంగా తిప్పితే సినిమా," అన్నారు. నాకు నవ్వు రాలేదు. ఇక మిగిలింది మర్నాటి పొద్దున అడవిలోకి జీపులో వెళ్లడం ఒక్కటే. ఆ మధ్యాహ్నమే తిరుగు ప్రయాణం.

మర్నాడు తెల్లవారకముందే జీపు వచ్చింది. నడిపేదీ, అడవి చూపించేదీ ఒకాయనే. యాభై దాటిన మనిషి, తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. అత్తయ్య ముందు సీట్లో కూర్చున్నారు. వెనక నేను, నా ఒళ్లో పాప, పక్కన మా ఆయన. పాపకు రెండు స్వెట్టర్లు, ఒక మంకీ క్యాపు, దాని మీద నా శాలువా. కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. బయలుదేరే ముందు అత్తయ్య ప్రార్థన మొదలుపెట్టగానే గైడు తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. ఆయనకు ఆ అలవాటున్నట్టు లేదు. మర్యాద కోసం చేశాడు.

అడవి అంతా మంచు. ఎర్రమట్టి దారి ఇరవై గజాల తర్వాత కనిపించడం లేదు. ఒక వాగు మలుపు దగ్గర గైడు జీపు ఆపాడు.

"ఇక్కడ నీళ్లకు దిగుతాయండి. దున్నలు గానీ, దుప్పులు గానీ. చప్పుడు చేయకుండా ఉండాలండి."

చప్పుడు చేయకుండా ముప్పావుగంట కూర్చున్నాం. చేతులు కొంకర్లు పోయాయి. పాప ముక్కు చల్లగా ఉందేమోనని నేను పదిసార్లు ముట్టుకుని చూశాను. ఏదో పక్షి కూసింది. ఒక ఉడుత కొమ్మ మారింది, నేను కెమెరా ఎత్తేలోపే పోయింది. ఇంకేమీ రాలేదు.

"ఈవేళ్టికి ఇంతేనేమోనండి. ఎండెక్కితే ఇక బయటికి రావు. గేటు వైపు తిప్పేద్దామా అండి?" అన్నాడు గైడు మెల్లగా.

మా ఆయన నా వైపు చూశారు. నేను తలూపాను. ఏడుపొచ్చింది గానీ ఒక ఫొటో కోసం ఏడవడమేమిటని పాప శాలువా సర్దాను. గైడు తాళం చెవి మీద చెయ్యి వేశాడు.

"ఒక్క నిమిషం నాయనా," అన్నారు అత్తయ్య.

బండి కదలాలి. కదిలే ముందు ప్రార్థన కావాలి. గైడు చెయ్యి తీసేసి మళ్లీ తువ్వాలు విప్పాడు. అత్తయ్య కొంగు తల మీదికి లాక్కుని గొంతు దించి మొదలుపెట్టారు. "పరిశుద్ధుడవైన తండ్రీ, నీకు స్తోత్రం. ఈ ఉదయాన్ని మాకిచ్చావు..." గైడు కళ్లు మూశాడు. మా ఆయన కళ్లు మూశారు, ఆయన విషయంలో అది ప్రార్థనో నిద్రో చెప్పలేం. నేను తల వంచి, మామూలుగానే ఒక కన్ను పాప మీద ఉంచాను.

పాప ఎక్కడికో చూస్తోంది. గులాబీ పువ్వు నోట్లో ఉంది గానీ నమలడం ఆగిపోయింది. అది చూసిన వైపే నేనూ చూశాను.

దారి మీద అడవిదున్న ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. అంత పెద్ద ఒళ్లు వెదురులోంచి ఆకు కదలకుండా ఎలా వచ్చిందో. నల్లటి ఒళ్లు, మోకాళ్ల దాకా తెల్లటి మేజోళ్లు తొడుక్కున్నట్టు కాళ్లు, ముక్కులోంచి ఆవిరి. మా వైపు తిరిగి నిలబడి ఉంది.

పాప నోటి మీద వేళ్లు ఆనించాను. పాప ఏమీ అనలేదు. రెండో చేత్తో కెమెరా ఎత్తాను. పాప ఒళ్లో ఉంది కాబట్టి లేచి నిలబడే వీలు లేదు. లెన్సు బరువు ఒక్క చేతికి ఆగడం లేదు. దాన్ని మెల్లగా ముందు సీటు అంచు మీద, అత్తయ్య భుజం పక్కన ఆనించాను. నొక్కితే టక్కుమంటుంది. అత్తయ్యకు వినిపిస్తుంది. కోడలు మూడేళ్లుగా ఏం చేస్తోందో తెలిసిపోతుంది. ఒక క్షణం ఆగాను. ఆ తర్వాత నొక్కాను.

"స్తోత్రం తండ్రీ," అన్నారు అత్తయ్య అదే గొంతుతో. ప్రార్థన సాగింది. "హనుమాన్ జంక్షన్లో మాకు వేడిగా ఇడ్లీ పెట్టిన బిడ్డను దీవించు తండ్రీ. వాళ్ల కుటుంబాన్ని దీవించు."

దున్న చెవులు ఆడించింది, కదల్లేదు. మళ్లీ నొక్కాను.

"స్తోత్రం. థర్మల్ స్టేషన్లో ఈ గంటన డ్యూటీలో ఉన్నవారిని కాపాడు తండ్రీ. మా వీధిలో కరెంటు స్తంభాలెక్కే అబ్బాయిని కాపాడు. కృష్ణలో వలలు వేసేవారిని, ఆ చేపలు అమ్మేవారిని, కొనుక్కునేవారిని..."

ఆవిడ ప్రార్థనలు పొడుగని తెలుసు గానీ అంత పొడుగు నేనెప్పుడూ వినలేదు. ఆ గొంతు ఒకే తీరున, వాగు నీళ్లలా పోతూనే ఉంది. ఎండ వెదుళ్ల మీదుగా దిగి దున్న వీపు మీద గీతలా పడింది. నొక్కాను. ఇంకా నొక్కాను. ఎన్నిసార్లో గుర్తులేదు. అప్పుడు పాపకు చలేస్తోందా అన్న ఆలోచన నాకు రాలేదు. ఆ సంగతి తర్వాతెప్పుడో తట్టింది.

దున్న తల తిప్పి, తొందర లేకుండా దారి దాటి, అవతలి వెదుళ్లలోకి వెళ్లిపోయింది. నేను కెమెరా దించి తల వంచాను. అత్తయ్య ఇంకో రెండు మాటలతో ముగించి, "ఆమేన్," అన్నారు. అందరం ఆమేన్ అన్నాం.

జీపు పది గజాలు పోయాక గైడు బ్రేకు వేసి కిందికి చూశాడు. మెత్తటి మట్టిలో గిట్టల గుర్తులు.

"ఇప్పుడే దాటిందండి. తడి ఆరలేదు. మగదండి, పెద్దది."

మా ఆయన లేచి నిలబడ్డారు. "మనం ప్రార్థన చేసుకుంటుంటే దాటిపోయిందా? అమ్మా, నీ పుణ్యమా అని..."

"కుదురుగా కూర్చోరా, పడతావు," అన్నారు అత్తయ్య.

నేను కెమెరాకు మూత పెట్టాను. సంతోషం ఒక పక్క, దొంగతనం చేసినట్టు ఇంకో పక్క. నా దగ్గర ఫొటో ఉంది. కానీ అది చూపించడమంటే కళ్లు తెరిచానని చేతికి రాసిచ్చినట్టే.

గదికి వచ్చాక మా ఆయన వేడి ఉప్మా తెప్పించారు. నాలుగు ముద్దలు తిన్నామో లేదో పాప మొదలుపెట్టింది.

"పేద్ద ఆవు నాన్నా. ఆవుకి సాక్సు."

"ఏ ఆవు తల్లీ?"

"అమ్మ టక్ టక్ చేసింది."

"కలగన్నట్టుంది," అన్నాను ఉప్మాలో జీడిపప్పు వెతుకుతూ.

"నానమ్మ కూడా చూసింది," అంది పాప. "నానమ్మ అద్దంలో నాకు ష్ అని వేలు పెట్టింది."

జీపులో ముందు సీటు పక్కనుండే అద్దం గుర్తొచ్చింది. తలెత్తి అత్తయ్య వైపు చూశాను. ఆవిడ కంచంలో వేలితో పచ్చిమిరపకాయను పక్కకు తోశారు.

"పిల్ల అబద్ధం చెప్పదు. ఫొటో తియ్యమ్మా, చూద్దాం."

"అత్తయ్యా, మీరూ..."

"వాడు తాళం తిప్పితే అది పారిపోతుంది. ప్రార్థన ఆపితే వాడు తాళం తిప్పుతాడు. నేనేం చేసేది? తోచినవాళ్లందరినీ తలుచుకున్నాను. ఆఖర్న ఎవరూ మిగల్లేదు."

"ఇంకో నిమిషం ఉంటే చేపల కోసం కూడా చేసేదానివి," అన్నారు మా ఆయన.

"చేసేదాన్నే."

"మరి కళ్లు తెరిచి ప్రార్థన చేయకూడదంటావు కదమ్మా. నన్ను ఎన్నిసార్లు మొట్టావు దానికి."

అత్తయ్య నవ్వలేదు. నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, నాతో అన్నారు. "వీడికి ఏడో నెలలో, అందరం మోకాళ్ల మీద ఉండగా వీడు పాకుతూ వెళ్లి పొయ్యి దగ్గర కూర్చున్నాడు. ఆమేన్ అన్నాక చూశాం. ఇంకో జానెడు ఉంది నిప్పుకు. ఆ రోజు నుంచీ నేను రెండు కళ్లూ మూసుకున్నది లేదు. నీది తెలుసమ్మా నాకు. పిల్లను తెచ్చిన వారం నుంచీ చూస్తున్నాను."

"అడగలేదేమండీ మరి?"

"ఏమని అడగను? మీరెలా చూశారని నువ్వడుగుతావు కదా."

మా ఆయన ఉప్మా పొలమారి దగ్గారు. నేను అలవాటుగా నీళ్లు అందించబోయేలోపే అత్తయ్య ఆయన వీపు మీద చరిచారు. ముప్ఫై నాలుగేళ్ల మనిషి. ఇది పోయే జబ్బు కాదని అప్పుడు అర్థమైంది. విచిత్రంగా దాంతో నా గుండె తేలికపడింది.

ఫొటో ఇంటికి వచ్చాక పెద్దదిగా చూశాం. మంచు, వెదుళ్లు, దున్న కళ్లలో వెలుగు, వీపు మీద ఎండ గీత, అన్నీ పడ్డాయి. కానీ కింద మూల తెల్లగా ఏదో మసక. అత్తయ్య ముసుగు. ఇంట్లో మనుషులు ఉండకూడదన్న షరతు నాకు గుర్తుంది. ఆవిడను కోసేయాలంటే మనసొప్పలేదు. సంకోచిస్తూ అడిగాను.

"కోసెయ్యమ్మా," అన్నారు అత్తయ్య. "దున్న తల ఉండాలి గానీ నా తలదేముంది?"

కోసి పంపాను. "ఎలా దొరికింది నీకు, అంత దగ్గరగా, అంత నిబ్బరంగా?" అని మేడమ్ ఫోన్ చేసి అడిగారు. ప్రార్థనలో ఉండగా దొరికిందని చెప్పాను. ఆవిడ అది మాట వరసకు అన్నాననుకున్నారు.

జనవరిలో ప్రదర్శనకు అందరం వెళ్లాం. హాల్లో నా ఫొటో కిటికీ పక్కన పెట్టారు, వెలుగు బాగా పడేచోట. దాని ముందు నిలబడి మూలమూలా వెతికి చూశాను. అందులో ఎర్ర స్వెట్టరు లేదు, చిన్న చెప్పు లేదు. దున్న ఒక్కటే ఉంది, నన్నే చూస్తూ. దాన్ని చూసింది నేనే. కాసేపటికి పాప చెయ్యి వదిలేసి మిగతావాళ్ల ఫొటోలు చూడడానికి వెళ్లాను. ఒక్కొక్కదాని దగ్గరా తీరిగ్గా నిలబడి చూశాను. ఎవరో తీసిన చేపల బజారు. ఎవరో తీసిన వాన.

తిరిగి వచ్చేసరికి నా ఫొటో దగ్గర నలుగురైదుగురు పోగయ్యారు, మేడమ్ కూడా ఉన్నారు. మధ్యలో అత్తయ్య, చంకలో పాప. ఫ్రేముకు జానెడు కింద, ఖాళీ గోడ మీద వేలు పెట్టి చూపిస్తున్నారు.

"నేను ఇక్కడ ఉంటానండీ. మా కోడలు కోసేసింది."